మూడో స్థానం

ఆ ఏడు మా జట్టు మూడో స్థానంలో నిలిచింది. 46 ఆటలాడి 36 గెలిచింది, 3 సమం చేసుకుంది, 7 ఓడింది. 125 గోల్స్ వేసింది. 111 పాయింట్లు వచ్చాయి. అంత చేసీ పై మెట్టు ఎక్కలేకపోయింది. ఆ తరువాత ఇంతకంటె గొప్ప సంవత్సరాలు చాలానే వచ్చాయి. మరుసటి ఏడే, అంటే 2003-04లో, 46 లీగు ఆటల్లో ఒక్కటీ ఓడకుండా 42 గెలిచారు. అయినా ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ సంగతి ఎవరు కదిలించినా నా మనసు తిన్నగా 2002-03కే పోతుంది. ఎందుకని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. దొరికిన జవాబులో సగం ఫుట్‌బాల్‌ది, సగం మా ఊరిది.

వింబుల్డన్ అనగానే మనవాళ్ళకు తోచేది టెన్నిస్. నాకూ అంతే. 2002లో నేను దక్షిణ లండన్‌లో టూటింగ్ పేటలో, మరో ఇద్దరు సాఫ్ట్‌వేరు బ్రహ్మచారులతో కలిసి, ఒక ఇరుకు ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ వసంతంలో నేను పనిచేస్తున్న ప్రాజెక్టు ముగిసింది, కొత్తది దొరకలేదు. వారానికి ఏడు రోజులూ ఆదివారాలే. కాలక్షేపానికి నడిచి నడిచి వింబుల్డన్ ఎఫ్రా రోడ్డులోని గణపతి గుడికి వెళ్ళేవాణ్ణి. చర్చివాళ్ళ పాత హాలును 1981లో గుడిగా మార్చుకున్నారు. విభూతి వాసన, సాంబారు వాసన కలిసిన ఆ గాలిలో కాసేపు కూర్చుంటే ప్రాణం కుదుటపడేది. ఒక రోజు తిరిగివస్తూ దారి తప్పి ప్లౌ లేన్ అనే వీధిలోకి వచ్చాను. అక్కడ తలుపులు మూసిన పాత మైదానం ఒకటి, దాని కంచె ఎదుట నిలబడ్డ ఒక పెద్దాయనా కనిపించారు. ఆయన దేన్ని చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. కాని ఆ నిలబడే తీరు మాత్రం నేనెరిగినదే.

మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన నూరు పైచిలుకు గ్రామాల్లో అదీ ఒకటి. 1981లో ఖాళీ చేశాము. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎడ్లబండి మీద తలుపులూ దూలాలూ వేసుకుని వచ్చాము. కొందరు పునరావాస కాలనీకి, కొందరు కర్నూలుకు, కొందరు బంధువులున్న ఊళ్ళకు చెదిరిపోయారు. మా అవ్వ కర్నూలు బజారుకు పోయినవాళ్ళు ఎవరు తిరిగివచ్చినా మొదట అడిగే మాట ఒకటే: "మన ఊరోళ్ళు ఎవరన్నా కనపడినారా?" ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు పెద్దవాళ్ళు కొందరు గట్టుకు పోయి నిలబడి, తిరిగివచ్చేవాళ్ళు. ప్లౌ లేన్‌లో ఆ పెద్దాయన సరిగ్గా అలాగే నిలబడి ఉన్నాడు.

పలకరించాను. ఆయన చెప్పిన కథ ఇది. వింబుల్డన్ క్లబ్బు 1889లో పుట్టింది. 1912 నుంచి ఆ మైదానమే దాని ఇల్లు. ఇంగ్లండులో పై నాలుగు శ్రేణుల్లో ఆడే 92 జట్లను కలిపి 'లీగు' అంటారు. దాని కింద, గోపురం అంతస్తుల్లాగా, వందల వేల చిన్న జట్లున్నాయి. అవన్నీ 'నాన్-లీగ్'. పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధన చేసేవాళ్ళే అక్కడ ఎక్కువగా ఆడతారు. టికెట్టు చించేది ఏ రిటైరయిన మాష్టారో అయివుంటాడు. వింబుల్డన్ 1977 దాకా అక్కడే ఉండి, లీగులోకి ఎన్నికై, పదకొండేళ్ళలో, 1988లో, మహాబలులైన లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలుచుకుంది. తరువాత స్టేడియాలలో అందరికీ కుర్చీలుండాలన్న నిబంధన వచ్చింది. పాత మైదానం దానికి చాలదని 1991లో ఊరు విడిచి, మరో క్లబ్బు వారి సెల్‌హర్స్ట్ పార్కులో అద్దెకు చేరారు. ఇక ఇప్పుడు యజమానులు జట్టును అక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరాన ఉన్న మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణానికి తరలిస్తామంటున్నారు.

2002 మే 28న ముగ్గురు సభ్యుల సంఘం ఒకటి, ఇద్దరు ఔననీ ఒకరు కాదనీ, ఆ తరలింపుకు అనుమతి ఇచ్చింది. అభిమానులు కొత్తగా క్లబ్బు పెట్టుకోవడం ఆట విశాల ప్రయోజనాలకు మంచిది కాదన్న అర్థం వచ్చే మాట కూడా ఆ నివేదికలో ఉంది. మంచిది కాదన్న ఆ పనినే అభిమానులు వారం తిరగకుండా మొదలుపెట్టారు. జూన్ చివర వింబుల్డన్ కామన్ అనే పచ్చిక బయలులో ఆటగాళ్ళ ఎంపిక జరిగింది. ఆడగలం అనుకున్నవాళ్ళెవరైనా రావచ్చు. 230 మంది వచ్చారు. పెద్దాయన రమ్మంటే నేనూ చూడడానికి వెళ్ళాను. బొజ్జలున్నవాళ్ళూ వచ్చారు, నిజంగా ఆడగలవాళ్ళూ వచ్చారు. శిక్షకుడిగా ఒకప్పుడు వింబుల్డన్‌కు ఆడిన టెర్రీ ఈమ్స్ నిలిచాడు. ఎండలో నిలబడి చూస్తూంటే నాకు పెళ్ళివారి విడిదిలో ఉన్నట్టే ఉంది. ఎవరికి ఏ పని ఎవరు చెప్పారో తెలియదు, పనులు మాత్రం జరిగిపోతున్నాయి.

జూలై 10న సటన్ యునైటెడ్ మైదానంలో మొదటి స్నేహపూర్వక పోటీ. బయట వరుస ఎంతకీ తరగక ఆట ఆలస్యంగా మొదలుపెట్టవలసి వచ్చింది. 4,657 మంది వచ్చారు. మేము 4-0తో ఓడిపోయాము. ఆట ముగియగానే జనం మైదానంలోకి పరుగెత్తి ఓడిన ఆటగాళ్ళను చుట్టుముట్టారు. నా పక్కన పెద్దాయన ఏడుస్తున్నాడు. ఓడినందుకు కాదు. ఆరు వారాల కిందట లేని జట్టు ఒకటి ఆయన ఎదుట ఓడిపోగలిగింది, అందుకు.

కంబైన్డ్ కౌంటీస్ లీగులో, అంటే పై నుంచి లెక్కిస్తే తొమ్మిదో అంతస్తులో, మాకు చోటు దొరికింది. ఆగస్టు 17న శాండ్‌హర్స్ట్ టౌన్‌లో మొదటి ఆట. పల్లెటూరి మైదానం. మామూలుగా పదుల్లో జనం వచ్చే చోటికి ఆ రోజు 2,449 మంది వచ్చారు. 2-1తో గెలిచాము. నాలుగు రోజుల తరువాత సొంత మైదానంలో, 4,262 మంది ఎదుట, చిప్‌స్టెడ్ చేతిలో అదే 2-1తో ఓడిపోయాము. సొంత మైదానం అన్నానే గాని అదీ సొంతం కాదు. కింగ్‌స్టోనియన్ అనే పాత క్లబ్బు వారి కింగ్స్‌మెడోలో పంచుకుని ఆడేవాళ్ళం.

ఆ చలికాలపు శనివారాలు నా జీవితంలో మరువరానివి. కోబమ్, మెర్స్‌తమ్, ఫ్రిమ్లీ గ్రీన్ అంటూ పటంలో వెతుక్కోవలసిన ఊళ్ళకు రైళ్ళలో, పరాయివాళ్ళ కార్లలో వెళ్ళేవాళ్ళం. మేము వస్తున్నామని తెలిసి ఆ చిన్న క్లబ్బులవాళ్ళు రొట్టెలూ టీ నీళ్ళూ రెట్టింపు చేసుకునేవాళ్ళు, అయినా అవి సగం ఆటకే అయిపోయేవి. కొన్నిచోట్ల గోలుస్తంభం వెనక చేయి చాస్తే గోల్‌కీపర్ భుజం తగిలేటంత దగ్గరగా నిలబడేవాళ్ళం. ఆటలో లోపాలు చాలా ఉండేవి. పదిమందిని దాటించిన బంతి పదకొండోవాడి కాలికి తగిలి తోటలోకి పోయేది. ఎవరూ తిట్టేవాళ్ళు కారు. బంతి తెచ్చిచ్చేవాళ్ళు.

కింగ్స్‌మెడోలో ఎప్పుడూ ఒకే చోట నిలబడేవాళ్ళం. ప్రతి శనివారమూ పెద్దాయన ఒక్కసారి అటూ ఇటూ చూసి లెక్కపెట్టుకునేవాడు: ఫలానా ఆయన వచ్చాడా, చేతికర్ర ఆవిడ వచ్చిందా, తండ్రీకూతుళ్ళు వచ్చారా. ఒకరు రెండు వారాలు రాకపోతే మూడో వారం ఎవరో ఒకరు వాళ్ళింటికి వెళ్ళి చూసివచ్చేవారు. జనవరిలో నేను జలుబుచేసి ఒక ఆటకు పోలేదు. మర్నాడు పెద్దాయన అరటిపళ్ళతో మా తలుపు తట్టాడు. టూటింగ్‌లో నా గైర్హాజరు లెక్కలోకి వచ్చిన మొదటిరోజు అదే.

ఇంకొక సంగతి. మా ఆట లేని రోజున ఆయన డబ్బిచ్చి టికెట్టు కొని కింగ్‌స్టోనియన్ ఆట చూసేవాడు. వాళ్ళు అప్పుల్లో ఉన్నారు. ఎందుకు వెళతారని అడిగితే, ఎవరింట్లో తలదాచుకున్నామో వాళ్ళను పలకరించకపోతే ఎలా అన్నాడు.

సంవత్సరం చివర మా జట్టు వరసగా గెలుస్తూ వచ్చింది గాని మొదట్లో పోగొట్టుకున్నవి తిరిగి రాలేదు. మూడో స్థానం. ఇంటి ఆటలకు సగటున మూడువేలకు పైగా జనం వచ్చారు. ఇంకా సెల్‌హర్స్ట్ పార్కులోనే, పై నుంచి రెండో శ్రేణిలో ఆడుతున్న పాత క్లబ్బుకు అంతమంది రాలేదు. ఆఖరు ఆటనాడు ఎవరూ విచారంగా లేరు. ఆగస్టులో కలుద్దాం అనుకుని విడిపోయారు. ఆ చిన్నమాట నాకు గుచ్చుకుంది. మా ఊరు వదిలేనాడు ఎవరూ ఎవరితోనూ ఆ మాట అనుకోలేదు.

ఆ మే నెలలో ఇంటికి వెళ్ళాను. వానలు లేక జలాశయం బాగా తగ్గి, ఊరి ఆనవాళ్ళు బయటపడ్డాయని విన్నాము. అవ్వను తీసుకుని పోయాను. బురద ఎండి నెర్రెలు విచ్చిన నేల, గోడల మొదళ్ళు, రచ్చబండ రాళ్ళు. అవ్వ ఎవరి సాయమూ లేకుండా మా ఇంటి గడపరాయి దగ్గరికి పోయి కూర్చుంది. అక్కడికి అప్పటికే మరికొందరు వచ్చి ఉన్నారు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది.

మధ్యాహ్నం చింతచెట్టు మొద్దు పక్కన సద్ది విప్పుకున్నప్పుడు నేను ఊసుపోక వింబుల్డన్ కథ చెప్పాను. అవ్వ అంతా విని, "ఆ ఆటకు ఎంతమంది గావల్ల?" అంది.

"పదకొండు మంది అవ్వా."

అవ్వ వేలు చూపుతూ అందరినీ లెక్కపెట్టింది. నన్ను కలుపుకుంటే తొమ్మిదిమందిమి. "ఇద్దరు తక్కువొచ్చిరి. వచ్చే యేడు చూసుకుందాంలే," అంది.

తరువాతి చరిత్ర చాలామందికి తెలిసిందే. పాత క్లబ్బు 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలి, 2004లో పేరు మార్చుకుంది. అభిమానులే యజమానులైన మా క్లబ్బు తొమ్మిదేళ్ళలో అయిదు మెట్లెక్కి 2011 మేలో లీగులో అడుగుపెట్టింది. 2020 నవంబరు 3న ప్లౌ లేన్‌లోనే, పాత మైదానానికి కూతవేటు దూరంలో, కొత్త స్టేడియంలో మొదటి ఆట ఆడింది. కరోనా మూలంగా లోపల ప్రేక్షకుడన్నవాడు లేడు. పెద్దాయన అప్పటికి లేడు.

ఈ కథలో నేను దాటవేయలేని పుట ఒకటుంది. ప్లౌ లేన్‌కు పోవడానికి డబ్బు కావాలి. 2003లోనే మా చేతికి వచ్చిన కింగ్స్‌మెడోను అందుకోసం చెల్సీకి అమ్మారు. దాంతో 2017లో కింగ్‌స్టోనియన్ ఆ మైదానం విడిచి, ఇతరుల మైదానాల్లో అద్దెకు ఆడవలసి వచ్చింది. లెక్కలు చూస్తే వేరే దారి లేదని నాకూ తెలుసు. క్లబ్బు సభ్యులు ఓటు వేసుకునే నిర్ణయాలు తీసుకుంటారు. కాని ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఇల్లు కట్టుకునే క్రమంలో తమకు చోటిచ్చినవాళ్ళు వీధిన పడ్డారన్న మాట, ఎలా తిప్పి చెప్పినా మింగుడుపడదు. పెద్దాయన ఉండి ఉంటే ఏమనేవాడో నేను ఊహించను. వాళ్ళ ఆటకు టికెట్టు కొనేవాడని మాత్రం తెలుసు. నేను లండన్ వెళ్ళినప్పుడల్లా, కుదిరితే, ఆ పని చేస్తున్నాను.

అందుకే నాకు 2002-03 అంటే అంత ఇష్టం. ఆ ఏడు మేము ఎవరిదీ ఏమీ తీసుకోలేదు. మా దగ్గర ఇవ్వడానికీ పెద్దగా ఏమీ లేదు. శనివారం మూడు గంటలకు ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకోవడం తప్ప.

2004 వేసవిలో గడపరాళ్ళ దగ్గరికి పద్నాలుగు మంది వచ్చారు. అవ్వ తన లెక్క సరిపోయిందని తృప్తిపడి, మిగిలిన ముగ్గురినీ పక్కన కూర్చోమంది. ఆ తరువాత ఆమె రెండు వేసవులే చూసింది. నీళ్ళు తగ్గని ఏడు గట్టు మీదనే కలుస్తాము. నేను పోలేని ఏడు మా తమ్ముడు సాయంత్రం ఫోన్ చేస్తాడు. కుశలప్రశ్నలకు ముందే అడుగుతాను, ఎంతమంది వచ్చారని.