మన గూడెం డ్రైన్ లెవెల్స్ ఎవరు తీస్తున్నారు?



సెలవులకు ఊరికి పోతే తమ్ముళ్లు అడిగేది ఒకటే. "అన్నా, కన్సల్టెంట్ అంటే ఏం పని? సర్కారు నౌకరీయా, కాంట్రాక్టరా?" రెండూ కాదు. మున్సిపాలిటీల్లో పనులు ఎక్కువ, ఇంజనీర్లు తక్కువ. అందుకని రోడ్డు, డ్రైన్, మంచినీళ్ల పైపులైన్ లాంటి వాటికి సర్వే చేసి, డిజైన్ గీసి, ఎస్టిమేట్ వేసి డీపీఆర్ తయారు చేసే పని చాలాచోట్ల బయటి సంస్థలకు ఇస్తారు. కట్టేటప్పుడు నాణ్యత చూడడానికి ఇంకో సంస్థ వస్తది. నేను అలాంటి ఒక సంస్థలో సివిల్ ఇంజనీర్‌ని.

డ్రైన్ ఎక్కడ మొదలై ఎక్కడ కలవాలో డీపీఆర్‌లోనే ఖరారైపోతుంది. టెండర్ అయినాక కాంట్రాక్టర్ డ్రాయింగ్‌లో ఉన్నదే కడతాడు. అప్పుడు పోయి అడిగితే "శాంక్షన్ అట్లనే ఉంది" అంటారు. అంటే మన మాట పడాల్సింది సర్వే రోజునే.

ఏజెన్సీలో ఒక పట్నం. పక్కనున్న కోయగూడెం అందులో కలిసింది. అక్కడ మేం లెవెల్స్ తీస్తుంటే ఒక అవ్వ వచ్చింది. నీళ్లు అటు పోవు బిడ్డా, పెద్దవాన పడితే వాగు ఎగదన్ని ఇటే వస్తదని చెప్పింది. చెప్పింది కోయ భాషలో. మా టీంలో అర్థమైంది నాకొక్కడికే. ఆమె చూపించిన చెట్టు మొదట్లో వరద మరక ఉంది. లెవెల్ పెట్టి చూస్తే ఆ మరక మా డ్రైన్ అడుగు కన్నా పైనే ఉంది. అట్లనే కట్టుంటే ఊరి నీళ్లు వాగుకు పోవుడు కాదు, వాగు నీళ్లే ఇళ్లలోకి వచ్చేవి. డ్రైన్ కలిసే చోటును వాగు కిందికి జరిపినం. ఎస్టిమేట్ కొంచెం పెరిగింది, గూడెం మాత్రం మునగదు.

కానీ ప్రతి సర్వేలో కోయ తెలిసినోడు ఉండడు కదా. అందుకే చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1996 పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. అది పంచాయతీలకే. పట్టణాలకు సంబంధించిన 74వ రాజ్యాంగ సవరణ, 243 జెడ్‌సి అధికరణ ప్రకారం, షెడ్యూల్డ్ ఏరియాకు నేరుగా వర్తించదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. 2001లో బిల్లు రాజ్యసభలో పెట్టారు, అది చట్టం కాలేదు. ఈ చిక్కు వల్లనే 2020లో తెలంగాణ అంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినా పాల్వంచ, మణుగూరు, మందమర్రిలో జరగలేదు. గూడెం మున్సిపాలిటీలో కలిస్తే గ్రామసభ పోతుంది, ఉపాధి హామీ పని పోతుంది. దాని బదులు అడగడానికి వార్డు కౌన్సిలర్ కూడా లేకపోతే ఆ అవ్వ ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి రెండు.

ఒకటి, సమాచార హక్కు చట్టం, 2005. కాగితాలు అడగడానికే అది అనుకుంటాం. కానీ సెక్షన్ 2(జె) ప్రకారం జరుగుతున్న పనిని పోయి తనిఖీ చేయొచ్చు, వాడే మెటీరియల్ శాంపిల్ ధ్రువీకరించి ఇమ్మని అడగొచ్చు. డీపీఆర్, ఎం-బుక్, కాంక్రీట్ క్యూబ్ టెస్ట్ రిపోర్ట్, ఈ మూడూ అడగండి. క్యూబ్‌ను 28 రోజులకు పరీక్షించిన బలం అందులో ఉంటుంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రెండోది, మనమే ఈ పనిలోకి రావడం. సివిల్ డిప్లొమా, బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు గ్రూప్ పరీక్షలకు చదువుతూనే సర్వే పని నేర్చుకోండి. క్యూజీఐఎస్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా మెల్లగా నడుస్తది. దాంట్లో మీ గూడెం బోర్లు, వాగు, వరద వచ్చిన హద్దు గుర్తు పెట్టి మ్యాప్ చేసి ఉంచండి. రేపు సర్వే టీం వస్తే "మా దగ్గర ఇది ఉంది, చూడండి సార్" అని చేతిలో పెట్టొచ్చు. నోటి మాటను పక్కన పెట్టినంత తేలిగ్గా కొలతలున్న మ్యాప్‌ను పక్కన పెట్టలేరు.

మన అవ్వలకు, తాతలకు నీళ్ల దారి తెలుసు. దాన్ని డ్రాయింగ్ మీదికి ఎక్కించే పని మన చదువుది.