మావాడి బండికి మంచుదీపాలు

మా అక్కయ్య కొడుక్కి చింతూరులో ఉద్యోగం. శనివారం పని ముగించుకొని, ఘాటురోడ్డు దాటి, మారేడుమిల్లి, రంపచోడవరం, గోకవరాల మీదుగా రాజమండ్రి చేరేసరికి బాగా పొద్దుపోతుంది. బస్సులో రారా అంటే వినడు. పైగా కొండదారులకు పనికివస్తుందని హిమాలయన్ మోటారు సైకిలు కొన్నాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 2016లో బజారులోకి తెచ్చిన రకం, 411 సి.సి. చలికాలం ఆ ఘాటులో మంచు పట్టిందంటే ముందు చక్రం కూడా కనిపించదట. ఆ మాట విన్నది మొదలు అక్కయ్యకు కంటిమీద కునుకు లేదు.

"ఒరేయ్ తమ్ముడూ! ఇన్నేళ్లు పిల్లలకు కరెంటు పాఠాలు చెప్పావు. వాడి బండికి ఇంకో రెండు దీపాలు పెట్టలేవుట్రా?" అన్నది. అక్కగారి నోట ఈ మాట వచ్చాక ఏ తమ్ముడు కాదంటాడు చెప్పండి!

దుకాణంలో కుర్రవాడు, "ఈ హెడ్‌లైటు వైరు గీకి అతికించేస్తే సరండీ, గంట పని" అన్నాడు. నేను మాట్లాడకుండా దీపాలు కొనుక్కొని ఇంటికి వచ్చేశాను. ఆ వైరు దాని దీపానికి సరిపడే లావుతో వేసింది. పైభారం మోపితే వేడెక్కుతుంది. పెట్రోలు టాంకు కింద వైరు వేడెక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

లెక్క చిన్నదే. ఒక్కొక్కటి 20 వాట్లు, రెండింటికి 40. పన్నెండు వోల్టులతో భాగిస్తే మూడుంపావు ఆంపియర్ల పైచిలుకు. బాటరీ చూస్తే 8 ఆంపియర్ అవర్లది. ఇంజను ఆపి ఈ దీపాలు వెలిగించి కబుర్లలో పడితే, రెండు గంటలు గడవకముందే స్టార్టరు మూలుగుతుంది. పాత బుల్లెట్టయితే ఒక్క తన్ను తన్నేవాళ్లం. ఈ బండికి తన్నడానికి కిక్కురాడ్డే లేదు! అడవి మధ్య బాటరీ చచ్చిందంటే తోసుకుంటూ పోవలసిందే.

అందుకని రిలే పెట్టాను. బాటరీ ఎర్రకొస దగ్గరే ఫ్యూజు; అక్కణ్ణుంచి లావువైరు రిలేకి, రిలే నుంచి దీపాలకు. మీట రిలేలోని తీగచుట్టను మాత్రమే కదిలిస్తుంది. ఆ మీటకు కరెంటు తాళంచెవి తిప్పితేనే వచ్చేటట్టు కలిపాను. చెవి తీస్తే మరచిపోయినా దీపాలు ఆరిపోతాయి. సెల్‌ఫోను చార్జింగుకూ ఒక సాకెట్టు, దానికి వేరే ఫ్యూజు. ఫ్యూజు వైరు కన్నా ముందు పోవాలి, అందుకే దాన్ని కొని వైరు దానికన్నా లావుగా తీసుకొన్నాను.

పని మొదలుపెట్టేముందు బాటరీ నల్లకొస విప్పాను, బిగించేటప్పుడు అదే ఆఖరు. హాండిలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూశాకే వైర్లు కట్టాను. గోదావరి జిల్లాల వానలు తెలిసినవాణ్ణి గనుక, వైరును ప్రతి అతుకు దగ్గర కిందికి వంచి పైకి తెచ్చాను. నీరు ఆ వంపులోనే జారి పడిపోతుంది.

పసుపు దీపం మంచును చీలుస్తుందంటారు. మంచు బిందువులు వెలుతురు తరంగాల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. రంగుతో పెద్ద తేడా రాదు. దీపం కిందుగా ఉండి, వెలుగు పైకి లేవకుండా ఉంటేనే మేలు. వీధిలో గోడమీదికి వేయించి, ఎదుటివాడి కళ్లలో పడనంత కిందికి వంచాను.

అక్కయ్య కాఫీ తెచ్చి, దీపాలకేసి చూసి, "దారి బాగా కనిపిస్తే వీడు ఇంకా జోరుగా పోడుగదా?" అన్నది. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాట్లూ వోల్టులూ తెలుసుగాని, దానికి లెక్క నా దగ్గర లేదు.

మొన్న శనివారం రాత్రి ఫోను చేశాడు. "మావయ్యా, మంచు దట్టంగా ఉంది. ఘాటు మెల్లగా దాటి మారేడుమిల్లిలో ఆగిపోయాను. పొద్దున్నే వస్తానని అమ్మతో చెప్పు."

అక్కయ్య వాడికోసం ఉంచిన పులుసుగిన్నె మీద మూత పెట్టి, దీపం ఆర్పి పడుకొన్నది.