పిల్సెన్ పాతాళంలో ఒక గ్లాసు

ప్రాగ్ నుంచి రైల్లో గంటన్నర. పిల్సెన్‌లో దిగి కాసేపు నడిస్తే రెండు కమానుల రాతి గేటు. ఎక్కడో చూశానే అనుకున్నాను. అవును మరి, పిల్స్‌నర్ ఉర్‌క్వెల్ సీసా లేబుల్ మీద ఉండేది ఈ గేటే! 1892లో కట్టారు. పోస్టరు మీది తార స్టూడియో మెట్ల దగ్గర ఎదురుపడ్డట్టయింది.

నిజం చెప్పొద్దూ, ఆ సీసాతో నా పాత పరిచయం అంత గొప్పది కాదు. ఇదివరకు ఓ స్నేహితుడింట్లో తాగి, "చేదు తప్ప ఇందులో ఏముంది గురూ" అని పెద్ద రివ్యూయర్‌లా కొట్టిపారేశాను. "ఆ మాట పిల్సెన్ వెళ్లొచ్చి చెప్పు" అన్నాడు వాడు. పౌరుషం కొద్దీ వచ్చాను. అన్నట్టు, చెక్ వాళ్ల బీరు మీద ఆశ పుట్టించింది మాత్రం యిర్జీ మెంజెల్ తీసిన 'పోస్త్రిజినీ' సినిమా (1981). బ్రూవరీ మేనేజరు భార్యగా మగ్దా వాషార్యోవా మొహమాటం లేకుండా గ్లాసెత్తుతుంటే ఎవరికైనా దాహం వేస్తుంది. ఆ షూటింగు ఇక్కడ కాదు లెండి, దలెషిత్సెలో.

ఈ ఊరి బీరు కథ ఫ్లాపుతో మొదలైంది. 1838లో ఇక్కడి బీరు ఎంత పాడుగా ఉందంటే, 36 పీపాలు టౌన్‌హాలు ముందు పారబోశారు! తర్వాత ఊరివాళ్లే కలిసి కొత్త బ్రూవరీ కట్టి, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ని పిలిపించారు. 1842 అక్టోబరు 5న తొలి కాపు. లేతరంగు మాల్టు, జాతెట్స్ హాప్స్ పూలు, లవణాలు బాగా తక్కువైన ఊరి నీళ్లు... మూడూ కుదిరి బీరు బంగారు రంగులో తేటగా దిగింది. ఇవాళ ప్రపంచమంతా 'పిల్స్' పేరుతో అమ్మేది దీని పోలికే. మరి గ్రోల్ సంగతి? ఆయన నోరు మంచిది కాదని ప్రతీతి. 1845లో కాంట్రాక్టు అయిపోగానే ఇంటికి పంపేశారు. హిట్టిచ్చిన డైరెక్టరుకి ఇలా జరగడం మన ఫీల్డులో విననిదేం కాదనుకోండి.

నేలమాళిగలు సుమారు 9 కిలోమీటర్లు. 'పాతాళభైరవి' గుహలోకి తోటరాముడు దిగినట్టు దిగాను. తోటరాముడికి స్వెట్టర్ అక్కర్లేకపోయింది, నాకు మాత్రం పళ్లు టకటకలాడాయి. అక్కడి పెద్దాయన ఓక్ పీపా కుళాయి తిప్పి, వడకట్టని బీరు గ్లాసులో పట్టిచ్చాడు. పైన నాలుగు వేళ్ల నురగ! కొలతలో మోసం అనుకున్నాను. కాదట, బీరుకి గాలి తగలకుండా ఆ నురగే మూత. మూతి అందులో ముంచే తాగాలి.

ముందు తీపి తగిలింది. కాల్చిన రొట్టె అంచులాంటి తీపి, కొంచెం వెన్న వాసన. ఆ వెనకే చేదు. కాకరకాయ చేదు కాదు, వేపపూతలా పూల వాసనతో వచ్చే చేదు. అది నాలుక మీద కూచుని ఇంకో గుక్కకి పిలుస్తుంది. మత్తు కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు, ఉన్నది 4.4 శాతమే.

సాయంత్రం రైలెక్కేముందు పట్టుదలగా అదే బీరు సీసా ఒకటి కొన్నాను. సీసాలోది వడకట్టి, నిలవ ఉండటానికి వేడిచేసిన సరుకు. కథ అదే, నటులూ వాళ్లే, కానీ డబ్బింగు సినిమా! పెదవులు ఒకచోట, మాట ఇంకోచోట. చేదు ముందే వచ్చేసింది, తీపి ఎక్కడో వెనకబడింది. అయినా ఒరిజినల్ చూసొచ్చానుగా, ఏ సీను ఎక్కడ కత్తిరించారో తెలుస్తోంది. మొత్తం ఖాళీ చేశాను.

స్నేహితుడికి ఒక కార్డు రాసి పడేశాను: "గురూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం."