కంటి యాతిథ్యము

పూవుపడి చూపుపోయిన మా యత్తగారి కంటికి, గతించిన పుణ్యాత్ము లొకరి కార్నియాను, అనగా నల్లగ్రుడ్డుపై నుండు నద్దమువంటి పొరను, వైద్యు లమర్చిరి. పరుల చర్మమును సహింపని దేహము దీని నెట్లు సహించునని విస్మయపడితిని. ఆ పొరలో రక్తనాళములు లేవు. కావున దేహమును గాచు రక్తకణములు క్రొత్తదానిని సులభముగా గుర్తింపజాలవు. దాని వెనుకనుండు నీరును వాని యుగ్రత నడచును. 1948లో పీటర్ మెడవార్ కుందేళ్ల కన్నులం దీ విశేషమును పరీక్షించెను.

అయినను ఈ రక్షణ యభేద్యము కాదు. ఆఱునెలలకు ఆ కన్నెఱ్ఱవాఱి మసకక్రమ్మెను. "వేడిచేసినది, తగ్గును" అని యామె దాచెను. నేను బలవంతముగా వైద్యునికడకు గొనిపోతిని. చుక్కలమందుతో పొర నిలిచెను. తడసినచో రక్తనాళములు లోనికి బ్రాకి యా కణములకు ద్రోవ యిచ్చియుండెడివి. కనుక అట్టి కంట ఎఱుపు, నొప్పి, మసక కనబడిననాడే వైద్యుని జూడుడు.