ఆగి ఉన్న చక్రం

దేవుడి బండికైనా కందెన కావాలన్నది మన పెద్దల మాట. మన సంస్థ వాహనాల మరమ్మతు విభాగంలో గ్రీజు చేతులతోనే అన్నం సంపాదించుకున్న నాకు ఆ మాట పూర్తిగా బోధపడింది మాత్రం వర్క్‌షాపులో కాదు. జంగ్లీఘాట్ ఒడ్డున, ఒక పడవ బండి దగ్గర.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో చేపల రేవు జంగ్లీఘాట్. అక్కడ అడుగు పెట్టగానే సిక్కోలు యాస చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగే. మా అక్కను ఇచ్చినది అక్కడి వలవేట కుటుంబంలోనే. మా బావగారికి పద్దెనిమిది అడుగుల ఫైబరు పడవ, దానిని ఒడ్డుకు చేర్చే రెండు చక్రాల ఇనుప బండి ఉండేవి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడో, పడవ అడుగున పట్టిన నాచు గీకవలసినప్పుడో తప్ప ఆ బండితో పని లేదు. మిగిలిన కాలమంతా పెరటిలో, కొబ్బరిచెట్టు పక్కన పడి ఉండేది.

2013 ఉగాదికి వెళ్లినప్పుడు ఊరికే కుడి చక్రం తిప్పి చూశాను. గరగరమంది. “విప్పి గ్రీజు మారుస్తాను బావా” అన్నాను. ఆ మాట అక్కడే మరిచాను. ఆఫీసు జీపుకు ఏ తేదీన ఏమి చేశామో రిజిస్టరులో రాసి సంతకం పెట్టే మనిషిని నేను. బావగారి బండికి రిజిస్టరు లేదు, నా నోటి మాట తప్ప.

ఆ నవంబరు 24న లెహర్ తుఫాను ద్వీపాల వైపు వస్తోందని తెలిసింది. సాయంత్రం బండిని నీటిలోకి దించి, పడవను ఎక్కించి, తెలిసినవారి జీపుతో ఏటవాలు మీదుగా పైకి లాగుతున్నాము. సగం దూరంలో కుడి చక్రం కీచుమంది, ఊగింది, మరుక్షణం ఇరుసు కొస విరిగి హబ్‌తో సహా ఊడి దొర్లిపోయింది. పడవ ఒరిగింది. పక్క తాడు పట్టుకున్న పద్నాలుగేళ్ల మా మేనల్లుడు వెనక్కి దూకాడు. వాడి కాలికీ, నేలకు గుద్దుకున్న పడవ అంచుకూ మధ్య జానెడు దూరం మిగిలింది.

చుట్టుపక్కల పడవలవారు పరుగున వచ్చారు. తెలుగువారు, తమిళులు, బెంగాలీలు కలిసి వెదురు బొంగుల మీద పడవను దొర్లించి చెట్టుకు కట్టారు. మరునాడు తుఫాను పోర్ట్ బ్లెయిర్ సమీపంలో ద్వీపాలను దాటింది. బలహీనపడి 28న మచిలీపట్నం దగ్గర మన తీరం చేరింది.

గాలి తగ్గాక హబ్ విప్పి చూశాను. గ్రీజు నీళ్లు కలిసిన టీ రంగులో ఉంది. బేరింగు రోలర్ల మీద మశూచి మచ్చల వలె గుంటలు. కారణం నాకు తెలియనిది కాదు. రోడ్డు మీద లాగి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. దానిని వెంటనే నీటిలోకి దించితే లోపలి గాలి చల్లబడి కుంచించుకొని, సీలు సందులోంచి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. తరువాత బండి కదలక నిలిచి ఉన్న నెలలలో ఆ నీరు తన పని తాను చేస్తుంది. తిరిగే చక్రం చప్పుడు చేసి చెబుతుంది; ఆగి ఉన్న చక్రం మౌనంగా చెడుతుంది.

నేను తల వంచుకుని నిలబడితే బావగారు ఒక్క మాటే అన్నారు: “దానికి నోరు లేదు కదరా, అడగడానికి.”

నాటి నుండి కొత్త ఇరుసు వేసిన ఆ బండికీ ఒక నోటు పుస్తకం ఉంది. నీటిలో దించే ముందు హబ్ చల్లబడే దాకా ఆగుతాము. పైకి తెచ్చిన వెంటనే మంచినీటితో కడుగుతాము. ధనిఖరి జలాశయం మీద ఆధారపడిన ఆ ఊరిలో వేసవిలో కుళాయి నీటికి కటకట. అందుకే మా అక్క ఇంటి కప్పు మీది వాన నీటిని ఒక డ్రమ్ములో దీనికోసమే పడుతుంది. ఏడాదికొకసారి బేరింగులు కిరోసిన్‌తో కడిగి, గుంటలు లేవని చూసి, నీటికి కరగని గ్రీజును అరచేతితో రోలర్ల మధ్యకు ఎక్కించి, సీలు, కాటర్ పిన్ను కొత్తవి వేస్తాము. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కొంచెం వదులు చేస్తే అది ఇబ్బంది లేకుండా తిరగాలి. జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టి ఊపితే లొడలొడలాడరాదు. కొంత దూరం లాగాక హబ్ మీద చేయి వేస్తే గోరువెచ్చగా ఉండవచ్చు గాని చేయి కాలరాదు. టైర్లు అరగకపోయినా ఎండకు పక్కలు బీటలు వారుతాయి గనుక ఇరుసు కింద దిమ్మలు పెట్టి, చక్రాలకు గోనె కప్పుతాము.

ఆ మేనల్లుడు ఇప్పుడు సొంతంగా పడవ నడుపుతున్నాడు. నోటు పుస్తకంలో సంతకం వాడిదే. ఈ ఉగాదికి వెళ్లినప్పుడు నేను చక్రం తిప్పబోతే, “ముందు పుస్తకం చూడు మావయ్యా” అన్నాడు. చూశాను. తేదీలన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా చక్రం ఒకసారి తిప్పి, చెవి ఒగ్గి విన్నాను. చప్పుడు లేదు.