బాణం లేని విల్లు



తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెప్పే నేను, శక్తి నిత్యత్వ నియమాన్ని ఏటా బోర్డు మీద రాస్తుంటాను. అది నాకు నిజంగా అర్థమైంది మాత్రం మొన్న వేసవిలో, ఒక విల్లు పాడుచేశాక!

మా చెల్లెలు ఆర్చరీ నేర్చుకుంటోంది. ఒక సాయంత్రం తనను తీసుకురావడానికి వెళ్లాను. కోచ్ గారు పక్కకు వెళ్లగానే, స్టాండ్ మీదున్న విల్లు తీసి ఫోటో కోసం నారి లాగాను. బాణమే లేదు కదా, ఎవరికి తగులుతుందిలే అనుకుని వదిలేశాను. "అక్కా, వద్దు!" అని తను అరిచేలోపే ఫట్‌మని చప్పుడు. చెయ్యంతా జివ్వుమంది. విల్లు చూస్తే బాగానే ఉంది. మెల్లగా స్టాండ్ మీద పెట్టేశాను. కోచ్ గారికి చెప్పలేదు.

దారిలో చెల్లెలు ఒకే మాట అడిగింది. "రేపు పొద్దున ఆ విల్లు చిన్నపిల్లలు తీసుకుంటారక్కా. వాళ్ల చేతిలో విరిగితే?"

ఆ రాత్రి నా పాఠమే నాకు గుర్తొచ్చింది. నారి లాగినప్పుడు మనం చేసిన పని, విల్లు పైభాగం, కింది భాగం వంగడం వల్ల వాటిలో స్థితిశక్తిగా నిలుస్తుంది. వీటినే లింబ్స్ అంటారు. వదలగానే ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని బాణం తీసుకెళ్లిపోతుంది. బాణం లేకపోతే? తేలికైన నారి, లింబ్స్ మామూలు కంటే చాలా వేగంగా దూసుకెళ్లి, నారి బిగియగానే ఒక్కసారిగా ఆగిపోవాలి. ఆ దెబ్బంతా విల్లే తినాలి. గట్టిగా బ్యాట్ ఊపినప్పుడు బంతి తగలకపోతే భుజం పట్టేసినట్టన్నమాట. లింబ్ చీలవచ్చు, నారి తెగవచ్చు. కాంపౌండ్ విల్లులో చివరల ఉండే క్యామ్‌లు వంగిపోవచ్చు. అందుకే ఇప్పటి క్రాస్‌బౌలు చాలావాటిలో, బాణం లేకపోతే నారిని విడవనివ్వని ఏర్పాటు ఉంటుంది.

మరీ తేలిక బాణమూ ప్రమాదమే. కాంపౌండ్ విల్లుకు సాధారణంగా పౌండుకు 5 గ్రెయిన్ల బరువైనా ఉండాలంటారు. అంటే 40 పౌండ్ల విల్లుకు బాణం కనీసం 200 గ్రెయిన్లు, సుమారు 13 గ్రాములు.

తెల్లారగానే వెళ్లి కోచ్ గారికి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. దూది ఉండ తీసుకుని లింబ్ మీద మెల్లగా రాశారు. ఒకచోట దూది పోగులు చిక్కుకున్నాయి. కంటికి కనిపించని సన్నని చీలిక! "ఇలాంటివే ముఖం దగ్గర విరుగుతాయమ్మా" అన్నారు. లింబ్ ఖరీదు కట్టేశాను.

ఈ సంగతి క్లాసులో చెబితే ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, శివధనుస్సు కూడా అందుకే విరిగిందా?" కాదు నాన్నా, వాల్మీకి రామాయణంలో రాముడు నారి కట్టి లాగుతుండగానే అది నడిమికి విరిగింది అన్నాను. "అయితే రాముడి తప్పు లేదు, మీదే!" అన్నాడు. క్లాసంతా నవ్వులే.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచాక, విల్లు కొనమని అడిగే పిల్లలు పెరిగారు. కొనండి. కానీ బాణం లేకుండా నారి వదలకూడదని, లాగినా మెల్లగా వెనక్కి దించాలని మొదటి రోజే చెప్పండి. "ఒక్కసారి లాగి చూస్తా" అనే స్నేహితుల చేతికి ఇవ్వనివ్వకండి.

ఇంకో మాట. ఇంట్లో ఏదైనా విరిగిందని పిల్లలు వచ్చి చెబితే, ధర సంగతి తర్వాత. ముందు "నీకేం కాలేదు కదా?" అని అడగండి. ఇరవై ఎనిమిదేళ్ల నాకే నిజం చెప్పడానికి ఒక రాత్రి పట్టింది. పిల్లలకు అంతసేపు పట్టకుండా చూసుకోవాల్సింది మనమే కదా!

మీ ఫిజిక్స్ టీచర్