రాయగడ ఇప్పపూలు

విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలుదారిలో ఉంది రాయగడ. ఒడిషా అయినా అక్కడ తెలుగు మాటకు కొదవ లేదు. మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, మర్నాడు వేకువనే కొండపల్లెల వైపు వెళ్లాము. మార్చి నెల. ఇప్పచెట్ల కింద ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలతో పూలు ఏరుతున్నారు.

ఇప్పపూవు తెల్లవారేసరికి రాలుతుంది. మీగడ రంగులో కండపట్టి తియ్యగా ఉంటుంది. ఎండబెట్టి దాచుకుంటారు, ఉడికించి తింటారు, సంతలో అమ్ముతారు. గింజల నుంచి నూనె తీస్తారు.

మనం ఎక్కువగా విన్నది ఇప్పసారా గురించే. పూలను నీళ్లలో నానవేస్తే, ఈస్టు అనే సూక్ష్మజీవి వాటిలోని చక్కెరను కొద్ది రోజుల్లో ఇథనాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. ఆ ఊటను కుండలో కాస్తారు. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఇథనాల్ సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే ముందు లేచే ఆవిరిలో అదే ఎక్కువ. ఆ ఆవిరిని చల్లబరిస్తే సారా. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి, పెట్రోలులో కలిపే ఇథనాల్ తీసేదీ ఇదే సూత్రం మీద.

ఇథనాల్‌కు దగ్గరి చుట్టం మిథనాల్. చూపుకు, వాసనకు తేడా తెలియదు గాని అది విషం. ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటిచూపును, ప్రాణాన్ని తీస్తుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో అది కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. తాగినవారికి చూపు మసకబారితే, పడుకుంటే తగ్గుతుందిలే అని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి చేరిస్తే మనిషి దక్కే అవకాశం ఉంది.